స్టూడెంట్ మ్యాగజైన్‌కి కవర్ పేజీ చేస్తున్నా, ఏటికొప్పాక బొమ్మల మీద. చూసి చెప్పండి ప్లీజ్

సిరి_విశాఖ
అందరికీ నమస్కారం. నేను జర్నలిజం ఫైనలియర్. ప్రాజెక్టు కింద మా బ్యాచ్ ఐదుగురం కలిసి 32 పేజీల తెలుగు మ్యాగజైన్ తేవాలి, పేరు ‘ఒరవడి’ అని పెట్టుకున్నాం. లోపలి పేజీలు దాదాపు అయిపోయాయి. కవర్ పేజీ నా వంతుకొచ్చింది, పది రోజుల్నుంచి అక్కడే ఆగిపోయాను.

కవర్ స్టోరీ ఏటికొప్పాక లక్క బొమ్మలు. రెండు రోజులు ఆ ఊళ్ళోనే ఉండి ఒక పెద్దాయన దగ్గర కూర్చుని పనంతా చూశాం, అంకుడు కర్రని లేత్ (కర్రని గిర్రున తిప్పే యంత్రం) మీద ఎక్కించడం దగ్గర్నుంచి మొగలి ఆకుతో మెరుగు పెట్టేదాకా. ఫొటోలు నాలుగొందల పైనే ఉన్నాయి.

ఇప్పటికి చేసిన కవర్ అటాచ్ చేశాను. మొత్తం ఫొటోషాప్‌లోనే చేశాను. పైన పేరు పసుపు రంగులో ఎర్ర అంచుతో, వెనకాల పెద్దాయన షెడ్డులో కూర్చున్న ఫొటో, చుట్టూ ఏడు హెడ్డింగులు, కింద బార్‌కోడ్, పక్కన కాలేజీ ఎంబ్లెమ్. మెయిన్ హెడ్డింగ్ ‘అంతరించిపోతున్న ఏటికొప్పాక లక్క బొమ్మల కళ: ఒక సమగ్ర పరిశీలన’. కావాల్సినవన్నీ పెట్టాను కానీ చూస్తే ఫ్లెక్సీలా ఉంది, మ్యాగజైన్‌లా లేదు. ఎందుకో తెలియట్లేదు. ఎంత గట్టిగా చెప్పినా పర్లేదు, రెండు వారాలు టైముంది.

డీటీపీ_రమణ
సిరి గారూ, డిజైన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ అక్షరాలు చూడండమ్మా. కవర్ మీద ‘ఏటికొప్‌పాక లక్‌క బొమ్‌మల’ అని పడింది. ఒత్తులన్నీ ఊడిపోయి పొల్లులు వచ్చేశాయి. ఇలాగే ప్రింటుకి వెళ్ళిపోయిన పెళ్ళి కార్డులు, పోస్టర్లు నేను ఎన్ని చూశానో.

ఫొటోషాప్ పాత సెట్టింగులో ఉంటే తెలుగు అక్షరాన్ని కలపదు, విడివిడిగా పేర్చేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అని ఉంటుంది, అందులో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్ అయితే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ప్రోగ్రామ్ మూసి మళ్ళీ తెరిచి కొత్త ఫైల్‌లో టైప్ చేయండి, పాత లేయర్ బాగుపడుతుందని చూస్తూ కూర్చోకండి. పేజీలు కూర్చే ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఉంటుంది.

ఇంకో మాట. ఫొటో కరెక్షన్ ఫొటోషాప్‌లో చేసుకోండి కానీ అక్షరాలు ఇన్‌డిజైన్‌లో పెట్టండి. ఫొటోషాప్‌లో అంతా కలిపి జేపెగ్ చేసేస్తే అక్షరం కూడా ఫొటోలో భాగం అయిపోయి అంచులు నలిగినట్టు వస్తాయి, పీడీఎఫ్‌లో అక్షరం అక్షరంగానే ఉంటే ఎంత చిన్నదైనా కోసినట్టు వస్తుంది.

సిరి_విశాఖ
అయ్యో సర్, పది రోజులుగా చూస్తున్నా ఆ ఒత్తులు నా కంటికి ఆనలేదు. ఇప్పుడు చూస్తుంటే సిగ్గుగా ఉంది. మా లాబ్‌లో ఇన్‌డిజైన్ ఉంది, ఇంట్లో నా లాప్‌టాప్‌లో లేదు. ఫ్రీగా దొరికేవాటిలో ఏది వాడొచ్చు?

అక్షర_హైదరాబాద్
ఇంక్‌స్కేప్ వాడు సిరీ. తెలుగు ఒత్తులు దాంట్లో ఏ సెట్టింగూ మార్చకుండానే సరిగ్గా పడతాయి. స్క్రైబస్ కొత్త వెర్షన్లు కూడా పర్లేదు. డ్రాఫ్టులు ఇంట్లో వేసుకుని ఫైనల్ లాబ్‌లో చేసుకో.

ఓరుగల్లు_పోరడు
చెల్లే, ఫ్లెక్సీ లెక్క ఎందుకు కొడుతుందో నేను చెప్త. ఏడు హెడ్డింగులు, ఏడిటికి ఏడు రంగులు, అన్నిటికి షాడో, అన్నిటికి అవుట్‌లైన్. ఎవరు ముందు మాట్లాడాల్నో తెల్వక అందరొక్కపారి మాట్లాడినట్టుంది. మనిషి మొఖం కనవడతలేదు, ఆయన చేతిల ఏమున్నదో అసలే కనవడతలేదు. ఒక్కటి ఉంచు, రెండు చిన్నయి పెట్టు, మిగిలినయి లోపలికి తోలు.

ఇంగ ఆ షాడో ఎందుకు పెట్టాల్సి వచ్చిందో సోంచాయించు. ఎనుక ఫొటో గజిబిజిగ ఉంది కాబట్టి అక్షరం కనవడక షాడో ఏసినవ్. ఫొటోల ఖాళీ జాగ ఉంటే షాడోతోటి పనే లేదు.

సిరి_విశాఖ
అన్నా అది నిజమే, కానీ మాకు క్లాసులో చెప్పింది వేరు. మ్యాగజైన్ కవర్ అంటే మాస్ట్‌హెడ్ (పత్రిక పేరు), మెయిన్ ఇమేజ్, కవర్ లైన్స్ (హెడ్డింగులు), బార్‌కోడ్, డేట్ లైన్, ఇవన్నీ ఉండాలి, ఉన్నాయా లేదా చూసి మార్కులేస్తారు. తీసేస్తే తగ్గుతాయేమో అని భయం.

గీత_మీడియా
సిరీ, నేను డిగ్రీ కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్తాను కాబట్టి ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మేము క్లాసులో భాగాల పేర్లు చెప్తాం, పిల్లలు దాన్ని లిస్టు అనుకుంటారు. తప్పు మాదే ఎక్కువ. మార్కులు నిజంగా ఎక్కడ పడతాయంటే, నువ్వు రాసిచ్చే రిపోర్టులో ఫలానాది ఇక్కడ ఎందుకు పెట్టాను, ఫలానాది ఎందుకు తీసేశాను అని నీ కారణం చెప్పగలిగావా లేదా అన్నదాని దగ్గర. రెండు కవర్ లైన్లు పెట్టి, అవెందుకో చెప్తే ఏ ఎగ్జామినరూ కాదనరు.

ఒక ప్రశ్నకి జవాబు రాసుకో ముందు. ఇది ఎవరు చేతిలోకి తీసుకోవాలి? ‘అందరూ’ అనకు. కాలేజీ లైబ్రరీ టేబుల్ మీద పది పత్రికల మధ్య ఇది పడుంటే నీ ఈడు పిల్ల ఒకతి వచ్చి దీన్నే ఎందుకు తీస్తుంది? ‘సమగ్ర పరిశీలన’ అని చూసి తీస్తుందా?

బార్‌కోడ్ గురించి కూడా. అది ఏదో పత్రిక నుంచి కట్ చేసి పెట్టావని తెలిసిపోతోంది, 977తో మొదలయ్యే నంబర్ కనిపిస్తోంది. ఆ 977 పత్రికలకి ఇచ్చే సంఖ్య, తర్వాత వచ్చే అంకెలు ఆ పత్రికకే సొంతం. వేరేవాళ్ళ నంబర్ నీ కవర్ మీద ఉండకూడదు. ఖాళీ తెల్ల పెట్టె గీసి అది బార్‌కోడ్‌కి వదిలిన చోటు అని రిపోర్టులో రాయి, చాలు. అలాగే రిజిస్ట్రేషన్ నంబర్ అంటూ ఊహించి ఏదీ వెయ్యొద్దు. పత్రికల రిజిస్ట్రేషన్‌కి 2023లో కొత్త చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, 1867 నాటి పాత చట్టం స్థానంలో. ఆ సంగతి రిపోర్టులో రెండు లైన్లు రాస్తే బావుంటుంది కూడా.

పిక్సెల్_పిల్లోడు
ఫొటో గురించి నా మాట. ఇది అడ్డంగా తీసిన ఫొటో, నిలువు కవర్‌కి కత్తిరిస్తే సగానికి సగం పోయింది. పైగా జూమ్ చేస్తే గళ్ళు గళ్ళుగా ఉంది. సైజెంత అది?

ఇంకోటి, ఆయన ఎడమవైపు చూస్తున్నాడు. పత్రిక తెరిచేది కుడివైపు కదా, చూపు అటు ఉంటే బాగుంటుంది అంటారు. అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుంది, ఒక క్లిక్కు.

సిరి_విశాఖ
1600 బై 1200 ఉంది అన్నా. మా ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపింది.

పిక్సెల్_పిల్లోడు
అదీ సంగతి. ఏ4 కవర్ అంటే 210 బై 297 మిల్లీమీటర్లు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (ప్రింటయ్యాక కత్తిరించేసే అంచు) కలిపితే 216 బై 303. అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 2550 బై 3580 పిక్సెల్స్ కావాలి. నీ ఫొటోకి ఎత్తు 1200 మాత్రమే, అంటే అంగుళానికి 100 చుక్కలు. మీ ఫ్రెండ్ ఫోన్‌లో ఒరిజినల్ ఉంటే డాక్యుమెంట్‌గా పంపమను, లేకపోతే కేబుల్ పెట్టి కాపీ చేసుకో. 12 మెగాపిక్సెల్ ఫోన్‌లో నిలువుగా తీసిన ఫొటో అయితే 3000 బై 4000 ఉంటుంది, హాయిగా సరిపోతుంది. అడ్డంగా తీసింది కత్తిరిస్తే 250 వరకు వస్తుంది, అదీ నడుస్తుంది.

అనకాపల్లి_వాసు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది అనకాపల్లి, ఏటికొప్పాకలో మా మేనత్తవాళ్ళు ఉంటారు, చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ వరాహ నది గట్టు మీదే. అందుకని రెండు మాటలు మనసులో పెట్టుకోకుండా చెప్తాను సిరీ, ఏమీ అనుకోకు.

మొదటిది, ‘అంతరించిపోతున్న’ అనే మాట. ఆ ఊరి గురించి ఎవరు రాసినా ఇదే మాటతో మొదలుపెడతారు. నువ్వు రెండ్రోజులు కూర్చున్నావు కదా, ఆయన లేత్ తిరుగుతూనే ఉంది కదా? 2017లో ఆ బొమ్మలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, సహజ రంగుల్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కష్టాలు లేవని కాదు, కర్ర దొరకడం కష్టంగానే ఉంది, పిల్లలు వేరే పనులకి పోతున్నారు, అవన్నీ లోపల రాయండి. కానీ పని చేస్తున్న మనిషి బొమ్మ వేసి దాని మీదే అంతరించిపోతున్నావు అని రాయడం నాకు నచ్చలేదు. ఆయన ఆ కవర్ చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

రెండోది, ఫొటో తిప్పొద్దు. దయచేసి తిప్పొద్దు. ఏ చెయ్యి ఏం చేస్తుందో ఆ పనికి ప్రాణం.

ఇంకో చిన్న సంగతి, కవర్ పేజీ గురించే కాబట్టి చెప్తున్నా. చందమామకి ఎన్నో ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు మా కశింకోటలోనే ఉండేవారు. బొమ్మ కింద ‘వపా’ అని సంతకం ఉండేది. మా నాన్న ట్రంకుపెట్టెలో ఆ సంచికలు కొన్ని ఉన్నాయి, నిన్న రాత్రి తీసి చూశాను. పైన పత్రిక పేరు, మిగతాదంతా బొమ్మే. కథల పేర్లు అరిచి చెప్పడాలు లేవు. ఆ ఎరుపులూ ఆ పసుపులూ అన్నేళ్ళ తర్వాత కూడా కళ్ళు తిప్పుకోనివ్వలేదు. నీ పత్రికా అదే జిల్లా మీద కదా అని గుర్తొచ్చింది.

పిక్సెల్_పిల్లోడు
వాసు గారూ, తిప్పితే ఏమవుతుంది అండీ? చూసేవాళ్ళలో వందకి ఒక్కరికి కూడా తెలియదు కదా.

అనకాపల్లి_వాసు
ఆ ఒక్కరు ఆయనే అయితే?

సిరి_విశాఖ
నాలుగు రోజులు కనపడలేదు, సారీ. ఆదివారం మళ్ళీ ఏటికొప్పాక వెళ్ళొచ్చాను, ఆయనకి కవర్ చూపించి ఒప్పుకుంటేనే వేద్దాం అనిపించి. నా దగ్గర రెండు డ్రాఫ్టులు ఉన్నాయి, ఒకటి తిప్పింది, ఒకటి తిప్పనిది.

ముందు తిప్పింది చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అన్నారు, “ఇదేటమ్మా, నాను ఎడం సెయ్యి వాటమోణ్ణి అయిపోనాను?” అని. నవ్వలేదు. నిజంగానే అడిగారు. లక్క కడ్డీ ఎప్పుడూ కుడి చేత్తోనే పడతారట, యాభై ఏళ్ళుగా. నాకేం చెప్పాలో తెలియలేదు, తప్పయిపోయింది తాతగారూ అన్నాను.

అప్పుడు లేత్ ఆన్ చేసి కుడి చెయ్యి నా ముందు పెట్టి చూపించారు. కర్ర గిర్రున తిరుగుతుంటే ఎర్ర లక్క కడ్డీ దానికి ఆనించి ఒత్తి పట్టారు. ముందు ఏమీ అవ్వలేదు, ఒక క్షణం తర్వాత ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ ఉంగరంలా ఎర్రగా సాగింది. బొటనవేలి గోరు పక్కన ఒక గాడి ఉంది, అందులో ఎన్నాళ్ళదో లక్క ఎర్రగా ఇరుక్కుపోయి ఉంది. ఎంత కడిగినా పోదట. “కర్ర తిరిగితేనే లక్క కరుగుతాది, ఆగిపోతే ఏటుంటాది” అన్నారు.

ఆ వేలు నిలువుగా తీశాను. అటాచ్ చేస్తున్నా, ఒరిజినల్ సైజు. ఆయన మొహం లేదు, చెయ్యి ఒక్కటే. కింద సగం చెయ్యి, కర్ర, ఎర్ర ఉంగరం, పైన షెడ్డు చీకటి. ఆయనకి చూపించి అడిగాను, ఇది బాగుంది వేసుకోమన్నారు. పేరు లోపల వెయ్యమన్నారు, వేస్తాం.

గీత_మీడియా
సిరీ, కవర్ దొరికింది. హెడ్డింగ్ కూడా దొరికింది, నువ్వే రాశావు పైన.

ఓరుగల్లు_పోరడు
అక్క చెప్పింది కరెక్ట్. ‘కర్ర తిరిగితేనే లక్క కరుగుతాది’. అంతే, ఇంగేం వద్దు. పైన చీకటి ఉంది కాబట్టి పేరుకి జాగ కూడ అదే దొరికింది, షాడో పీడ పోయింది.

సిరి_విశాఖ
నాకూ అదే అనిపించింది కానీ మా గ్రూపులో ఒక అమ్మాయి ‘కరుగుతుంది’ అని మార్చమంటోంది. కవర్ మీద యాస ఉంటే తప్పు రాశామనుకుంటారని. ప్రూఫ్ చూసే మేడం కూడా దిద్దేస్తారేమో.

అనకాపల్లి_వాసు
మార్చొద్దు సిరీ. ‘కరుగుతుంది’ అంటే అది సైన్సు పాఠం. ‘కరుగుతాది’ అంటే ఆయన మాట. మా వైపు మాట పత్రిక కవర్ మీద అంత పెద్ద అక్షరాల్లో చూడాలని నాకైతే చాలా ఉంది.

గీత_మీడియా
కొటేషన్ గుర్తుల్లో పెట్టు. అప్పుడది మనిషి మాట అని ఎవరికైనా తెలుస్తుంది, దిద్దడానికి ఎర్ర పెన్ను లేవదు. ఆయన పేరు కవర్ మీద అక్కర్లేదు, కింద చిన్నగా ‘ఏటికొప్పాక లక్క బొమ్మల పనిలో ఒక రోజు’ అని ఒక్క లైను చాలు.

డాలస్_పద్మ
మా ఊళ్ళో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్తుంటాను, అందుకని ఒక సలహా. ఇక్కడి పిల్లలకి గుణింతాలు వచ్చేస్తాయి కానీ ఒత్తుల దగ్గర ఆగిపోతారు. కవర్ మీద కింద ఇంగ్లీషులో ఒక లైను ఉంటే వాళ్ళూ అర్థం చేసుకుంటారు కదమ్మా, ఈ కథ వాళ్ళకి చేరాలని నాకు ఆశగా ఉంది.

అక్షర_హైదరాబాద్
పద్మ గారూ, మీ ఆశ అర్థమైంది. కానీ కవర్ మీద రెండు లిపులు పెడితే కన్ను ముందు ఇంగ్లీషు మీదకే పోతుంది, తెలుగు డెకరేషన్ అయిపోతుంది. లోపల ఒక పేజీ ఇంగ్లీషు సారాంశం పెడితే మీ పిల్లలకి పనికొస్తుంది. పైగా ‘కర్ర’, ‘లక్క’ చూడండి, రెండూ ద్విత్వాలే, ఏ అక్షరానికి అదే ఒత్తు. ఒత్తులు నేర్పడానికి ఇంతకంటే మంచి హెడ్డింగ్ ఉండదు.

డాలస్_పద్మ
అది నాకు తట్టలేదు. వచ్చే ఆదివారం బోర్డు మీద ఇదే రాయిస్తాను.

అక్షర_హైదరాబాద్
సిరీ, ఇప్పుడు అక్షరాల పని. నువ్వు చూసే డిజైన్ వీడియోలన్నీ ఇంగ్లీషు అక్షరం కోసం చేసినవి. హెడ్డింగ్ నిలబడాలంటే క్యాపిటల్స్ చెయ్యి, అక్షరాల మధ్య ఖాళీ పెంచు, తేడా కోసం ఇటాలిక్ చెయ్యి అంటారు. మనకి క్యాపిటల్స్ లేవు. ఖాళీ పెంచితే మాట మాటలా ఉండదు, ముక్కలైపోతుంది. ఇటాలిక్ అంటే గుండ్రటి అక్షరాన్ని పక్కకి తోసినట్టే. మనకి ఉన్నవి సైజు, బరువు, రంగు, చుట్టూ వదిలే ఖాళీ. ఈ నాలుగింటితోనే చెయ్యి.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవి తీసుకో, ఓపెన్ లైసెన్స్ కాబట్టి ప్రింటుకి వాడినా ఇబ్బంది లేదు. రామభద్ర బాగా లావుగా ఉంటుంది, అరిచినట్టు ఉంటుంది, నీ హెడ్డింగ్‌కి వద్దు. అనేక్ తెలుగు చూడు, సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఒకే కుటుంబంలో ఉన్నాయి, హెడ్డింగ్‌కీ చిన్న లైన్లకీ అదే సరిపోతుంది. లోపలి మ్యాటర్‌కి మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ. ఫ్రీ డౌన్‌లోడ్ అని రాసున్న చోటల్లా తెచ్చుకోకు, లైసెన్స్ ఏంటో రిపోర్టులో రాయాల్సి వస్తుంది.

లైన్ల మధ్య దూరం మాత్రం కంటితో చూసి పెట్టు. ‘కర్ర తిరిగితేనే’ పై లైను, ‘లక్క కరుగుతాది’ కింది లైను అనుకుంటే, పై లైను ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైను తలకట్లు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకి ఆటోలో వచ్చే దూరం మనకి చాలదు. నేనైతే 48 పాయింట్ల అక్షరానికి 64తో మొదలుపెట్టి అక్కణ్ణుంచి సర్దుతాను.

కుంచె_మాస్టారు
నేను నలభై ఏళ్ళు షాపుల బోర్డులు, గోడలు రాసినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గింది, ఇప్పుడు మనవడు ఫోన్‌లో ఇవి చూపిస్తుంటాడు. ‘ఒరవడి’ అన్న పేరు చూసి రాయాలనిపించింది. పలక మీద పంతులు రాసిచ్చిన అక్షరం మీద మళ్ళీ మళ్ళీ దిద్దేవాళ్ళం కదా, దాన్నే ఒరవడి అనేవాళ్ళం. అలాంటి పేరుని కంప్యూటర్ అక్షరంతో ఎందుకమ్మా, చేత్తో రాయండి.

చూడండి, ఒ, ర, వ, డి. నాలుగూ గుండ్రాలే. మొదటిదానికి తలకట్టు లేదు, రెండోదానికీ మూడోదానికీ తలకట్టు ఉంది, నాలుగోదానికి గుడి ఉంది. అంటే పై గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోతుంది. దాన్ని వదిలెయ్యకండి, అదే దాని నడక. గుండ్రాలన్నీ ఒకే కొలతలో ఉండాలి, ‘వ’ పొట్ట ‘ర’ పొట్ట కంటే పెద్దదైతే కుంటుతున్నట్టు ఉంటుంది. మేము బోర్డు మీద ముందు సుద్దతో రెండు గీతలు కొట్టి, రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రం గీసుకుని, అప్పుడు కుంచె ఆనించేవాళ్ళం. కుంచె పక్కగా పట్టుకుంటే దిగే గీత లావుగా, ఎక్కే గీత సన్నగా వస్తుంది. ఒక్కసారికి రాదు. నలభై సార్లు రాయండి, అందులో ఒకటి మీదవుతుంది.

సిరి_విశాఖ
మాస్టారూ, మీరు చెప్పినట్టే చార్టు మీద ఇండియన్ ఇంక్‌తో, చదునైన బ్రష్‌తో రాశాను. యాభై మూడు సార్లు. నలభై ఆరోది తీసుకున్నాం. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేశాను, అంచుల్లో చిన్న గరుకు ఉంది, అది అలాగే ఉంచాను. అటాచ్ చేశాను చూడండి.

కుంచె_మాస్టారు
‘డి’ గుడి ఇంకొంచెం ఎడమకి లాగాలి, జారిపోతున్నట్టుంది. మిగతాది బాగుంది. చాలా బాగుంది తల్లీ. చెయ్యి వణకలేదు.

సిరి_విశాఖ
గుడి సరిచేశాను. ప్రూఫ్ (నమూనా ప్రింటు) కూడా తీయించాను, మా ఊళ్ళో ఒక డిజిటల్ ప్రింట్ షాపులో, 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద. రెండు సమస్యలు. స్క్రీన్ మీద మండిపోతున్న ఎరుపు కాగితం మీద ఇటుకలా వచ్చింది. అడుగున ఉన్న చిన్న కవర్ లైన్లు రెండూ నల్లటి చోట తెల్ల అక్షరాలతో పెట్టాను, వాటి ఒత్తులు పూడుకుపోయాయి, ‘ఏటికొప్పాక’లో ప ఒత్తు ఒక తెల్ల చుక్కలా ఉంది.

డీటీపీ_రమణ
రెండిటికీ మందుంది. ఎరుపు సంగతి, స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. ఫొటో ఆర్‌జీబీలోనే, అంటే స్క్రీన్ రంగుల్లోనే ఉండగా ప్రెస్ మిషన్ దాన్ని తనకి తోచినట్టు మార్చుకుంది. మీరే సీఎంవైకేకి, అంటే సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు అనే నాలుగు సిరాల లెక్కకి మార్చుకుని కళ్ళతో చూస్తూ సరిచేయండి. ఆ లక్క ఉంగరం ఉన్నచోట మెజెంటా, ఎల్లో రెండూ 95, 100 దాకా ఉండాలి, సయాన్ దాదాపు ఉండకూడదు. మీ ఫైల్ తెరిచి చూశాను, అక్కడ సయాన్ 30 ఉంది, ఇటుక రంగు అందుకే. ఒక్క ఆ ఉంగరం దగ్గరే తగ్గించండి, చేతి మీద తగ్గించొద్దు, చర్మం ఎర్రగా కందిపోయినట్టు అవుతుంది.

పూడుకుపోవడం సంగతి. ఆ నల్లటి చోట నాలుగు సిరాలూ కలిపి 370 శాతం దాకా ఉంది, 300 లోపుకి తేవాలి. అంత సిరా పోస్తే ఆరదు, పక్కకి అంటుకుంటుంది, సన్నటి తెల్ల సందులన్నీ మూసుకుపోతాయి. ఇంగ్లీషు అక్షరం ఎలాగోలా తట్టుకుంటుంది, మన ఒత్తు అక్షరంలో సగం ఉంటుంది కాబట్టి అది ముందు పోతుంది. చిన్న లైన్లు 14 పాయింట్ల కంటే తగ్గించకండి, ఒక మెట్టు లావు ఫాంట్ తీసుకోండి. నల్ల అక్షరాలు ఎక్కడైనా ఉంటే ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి.

సిరి_విశాఖ
రెండో ప్రూఫ్ వచ్చింది. ఎరుపు వచ్చింది సర్. గోరు పక్కన గాడిలో ఉన్న లక్క కూడా కనపడుతోంది, మొదటి ప్రూఫ్‌లో అది చీకట్లో కలిసిపోయింది. ఫైనల్ పీడీఎఫ్ పెడుతున్నా. పైన ‘ఒరవడి’ తెలుపులో, మధ్యలో ఏమీ లేదు, చెయ్యి, ఉంగరం, కింద ఎడమవైపు కొటేషన్ రెండు లైన్లలో, దాని కింద చిన్న లైను. ఇంకో రెండు కవర్ లైన్లు అడుగున. కాలేజీ ఎంబ్లెమ్ వెనక కవర్‌కి పంపాం. హెచ్ఓడీ మేడం ‘కరుగుతాది’ చూసి ఎవరన్నారమ్మా ఈ మాట అని అడిగారు, చెప్పాను, ఏమీ దిద్దలేదు.

రేపు ఉదయం ప్రెస్‌కి ఇస్తున్నాం, 50 కాపీలు, సెంటర్ పిన్. మొదటి ఐదు కాపీలు ఏటికొప్పాకకి.

డీటీపీ_రమణ
ఆగండమ్మా, ఇంకా ఇవ్వకండి. కవర్ విప్పి పరిచినట్టు ఒకే షీటుగా పెట్టారు, 426 బై 303, బ్లీడ్ సరిగ్గా ఉంది, సెంటర్ పిన్ కాబట్టి మధ్యలో వీపు మందం అక్కర్లేదు, అదీ సరే. కానీ ముందు కవర్ ఎడమవైపు పెట్టారు. షీటు మడిచినప్పుడు ముందు కవర్ కుడివైపు సగంలో ఉండాలి, వెనక కవర్ ఎడమవైపు. ఇలాగే ఇస్తే పత్రిక వెనక నుంచి మొదలవుతుంది. ఒక తెల్ల కాగితం మడిచి ముందు, వెనక అని పెన్సిల్‌తో రాసుకుని విప్పి చూడండి, తెలిసిపోతుంది. రెండూ అటూ ఇటూ మార్చి మళ్ళీ పంపండి, రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

సిరి_విశాఖ
కాగితం మడిచి చూశాను సర్, మీరన్నది నిజమే. మార్చాను. మడత దగ్గర బ్లీడ్ లేకుండా, ఒక్కో కవర్‌కి బయటి మూడు అంచుల్లోనే 3 మిల్లీమీటర్లు ఉండేట్టు పెట్టాను. కొత్త ఫైల్ ఇదిగో.

డీటీపీ_రమణ
చూశాను. ఇప్పుడు ఇవ్వొచ్చు.